జవాబుల పేజీలు లేని పుస్తకం

మొన్న ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఒక ఫ్లాటుకి కర్టెన్ల కొలతలు తీసుకోవడానికి వెళ్లాను. పదకొండో అంతస్తు, ఐదు కిటికీలు, ఒక బాల్కనీ తలుపు. నా పని అదే. కిటికీ చూసి గుడ్డ ఎన్ని మీటర్లు పడుతుందో, కుచ్చులకి ఎంత వదలాలో, అంచు దగ్గర పువ్వు సగానికి తెగకుండా ఉండాలంటే ఎంత వృథా అవుతుందో లెక్కకట్టి చెబుతాను. ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. చేస్తూ చేస్తూ వచ్చింది.

ఆ ఇంటావిడది హైదరాబాదు. నా తెలుగు వినగానే కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్లింది. వాళ్లమ్మాయి హాల్లో నేల మీద బోర్లా పడుకుని హోంవర్కు చేసుకుంటోంది. ఉన్నట్టుండి తలెత్తి అరిచింది.

"మమ్మీ, సెంటెన్స్ కో నెగెటివ్ బనానా హై, పర్ మీనింగ్ చేంజ్ నహీ హోనా చాహియే. కైసే?"

"నాకేం తెలుసే? డాడీ వచ్చాక అడుగు" అంది వాళ్లమ్మ.

అర్థం మారకుండా వ్యతిరేక వాక్యంగా మార్చుము. టేపు పట్టుకున్న నా చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆ కిటికీ వెడల్పు మళ్లీ మొదటినుంచి తీసుకోవాల్సి వచ్చింది. నాకు అలా ఎప్పుడో గాని జరగదు.

*

అప్పుడు నాకు పదిహేడేళ్లు. ఇంటర్లో లెక్కల్లో కాలేజీకంతా ఫస్టు వచ్చి ఇంగ్లీషు తప్పాను. సరిగ్గా ఆ రోజుల్లోనే మా పిన్ని, అంటే మా అమ్మ ఆఖరి చెల్లెలు, ఢిల్లీలో ముఖర్జీ నగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతోంది. ఆడపిల్ల ఒక్కతే అంత దూరంలో ఉండడం మా తాతయ్యకి సుతరామూ ఇష్టం లేదు. "పరీక్ష తప్పిన పిల్ల ఇక్కడ ఊరికే కూర్చుని ఏం చేస్తుంది, దానికి తోడుగా పంపండి" అన్నాడు. అలా తోడుగా వెళ్లాను. తోడు అంటే వంట చెయ్యడం, నీళ్లు పట్టడం, సాయంత్రం పిన్ని లైబ్రరీ నుంచి వచ్చేటప్పుడు ఎదురెళ్లడం.

పిన్ని చదువంతా తెలుగు మీడియమే. సివిల్స్ కూడా తెలుగులోనే రాస్తోంది. మొదటి మెట్టు దాటింది. రెండో మెట్టు నవంబరులో, తొమ్మిది పేపర్లు. వాటిలో ఏడింటి మార్కులే లెక్కకి వస్తాయి. మిగిలిన రెండూ భాషల పేపర్లు, ఊరికే పాసైతే చాలు. కానీ ఆ రెంటిలో ఒకటి ఇంగ్లీషు. అందులో తప్పితే మిగతా ఏడింటినీ చూడనే చూడరు.

అంతకు ముందు ఏడు పిన్నికి జరిగింది అదే. ఇంగ్లీషు పోయింది. ఏడు పేపర్లలో ఒక్కదానికీ మార్కు లేని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం ఆమె నాకు చూపించలేదు. నేను వెళ్లిన మొదటి వారంలో, చింతపండు పిసుకుతూ ఒక్క మాట మాత్రం అంది.

"ఏడు పేపర్లే. ఒక్కోటి మూడేసి గంటలు."

"ఇరవై ఒక్క గంటలు" అన్నాను.

"ఇరవై ఒక్క గంటలు రాశానే. ఒక్కడూ విప్పి చూళ్లేదు."

వయసు లెక్కన ఆ ఏడాదే ఆఖరి అవకాశం.

*

మా గది మూడో అంతస్తు డాబా మీద ఉండేది. వానాకాలం. కూలర్లో గడ్డి తడిసి మగ్గిన వాసన, కింద జిరాక్స్ కొట్లలోంచి వేడి కాగితం వాసన, పక్క డాబా మీంచి ఎవరో కుర్రాళ్లు మాడ్చిన పప్పు వాసన. ఆ సందులో అడుగుకొకడు చదువుకునేవాడే. నడుస్తూ చదివేవాళ్లు, బట్టలుతుకుతూ చదివేవాళ్లు, టీ బండి దగ్గర గ్లాసు పట్టుకుని ఏదో రాజ్యాంగ అధికరణం మీద కొట్లాడుకునేవాళ్లు. మాకు మా ఊరి ఆనవాలంటే మంచం కింద పెట్టుకున్న గోంగూర పచ్చడి జాడీ ఒక్కటే. దాని మూత తీస్తే చాలు, పిన్ని పుస్తకం మూసేసేది.

పొద్దున్న ఆరింటికి కింది నుంచి ఇంటి ఆంటీ కేక వినిపించేది. "అరే బేటా, పానీ ఆ గయా! జల్దీ భర్ లో!" ఆ నీళ్లు నలభై నిమిషాలు వచ్చేవి. నాలుగు బకెట్లు, ఒక డ్రమ్ము. నేను పడుతుంటే పిన్ని మెట్ల మీద కూర్చుని ఇంగ్లీషు పేపరు గట్టిగా చదివేది. తప్పు చదివితే తనే నవ్వుకునేది.

ఇంగ్లీషు వ్యాకరణానికి ఆమె దగ్గర ఒక పుస్తకం ఉండేది. ఆదివారం పేవ్‌మెంట్ మీద తూకానికి కొన్న పాత పుస్తకం. వ్యాసం, సారాంశం రాయడం ఆమెకి ఎలాగో పట్టుబడ్డాయి. లొంగనివల్లా ఈ వాక్యాల మార్పిళ్లే, వాటిలోనూ ముఖ్యంగా వ్యతిరేకాలు. ఆ పుస్తకంలో అవే నూర్లకొద్దీ ఉన్నాయి. కాకపోతే వెనక జవాబుల పేజీలు లేవు. ఎవరో చింపుకుని మరీ అమ్మారు.

"అందుకే చవగ్గా వచ్చిందే" అంది పిన్ని.

మా ఇళ్లలో లేదు అన్న మాట నోట్లోంచి రానివ్వరు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరితే కొండెక్కిందంటాం. గుమ్మం దాటేవాడు కూడా వెళ్తానని అనడు, వెళ్లొస్తానంటాడు. ఆ పద్ధతిలో పెరిగిన మనిషికి రోజుకి పది వాక్యాల్లో నో, నాట్, నెవర్ రాయడం ఎంత ఎబ్బెట్టుగా ఉండేదో, పెన్ను పట్టుకున్న ఆమె మొహం చూస్తే తెలిసేది.

"రాసింది ఒప్పో తప్పో ఎలా తెలుస్తుంది పిన్నీ?" అని అడిగాను.

"అదేగా నా ఏడుపు."

నేను రెండు రోజులు ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఇంగ్లీషు తప్పినదాన్ని. అయినా పాఠంలో మాదిరిగా ఇచ్చిన వాక్యాలు చూస్తుంటే నాకొకటి దొరికింది. అతను నిజాయతీపరుడు అన్నదాన్ని, అతను నిజాయతీ లేనివాడు కాడు అని మార్చారు. హీ ఈజ్ ఆనెస్ట్, హీ ఈజ్ నాట్ డిజానెస్ట్. నాట్ ఒకటి, డిస్ ఒకటి. రెండు. ఇంకోదాంట్లో నెవర్ ఒకటి, ఫెయిల్ ఒకటి. రెండు. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్! నాకు ఒళ్లంతా పులకరించింది. ఇంగ్లీషు రాకపోయినా దిద్దొచ్చు. వాక్యంలో కాదు, లేదు అనే ముక్కలు రెండుంటే ఒప్పు, ఒకటే ఉంటే తప్పు. పోలికలకీ, మరో రెండు మూడు రకాలకీ ఈ లెక్క కుదరలేదు. వాటిని విడిగా ఒక పేజీలో రాసిపెట్టుకున్నాను.

పిన్నికి చెబితే కళ్లు పెద్దవి చేసింది. "నీ బుర్రే బుర్రే! ఇంత చిన్న లెక్క నాకు ఇన్నేళ్లూ తట్టలేదు చూడు."

ఆ రోజు నుంచి నేను మాస్టారిని. రోజూ సాయంత్రం పది వాక్యాలు. ఎర్ర పెన్నుతో దిద్ది, వచ్చిన మార్కు గోడ మీది క్యాలెండర్లో ఆ తారీఖు గడిలో వేసేదాన్ని. ఎన్ని తప్పులైతే అన్ని చపాతీలు తను ఒత్తాలని పందెం. నాకు బద్ధకంగా ఉన్న రోజు కావాలని కష్టమైన వాక్యాలు ఏరి ఇచ్చేదాన్ని. ఏడు చపాతీలు తనే ఒత్తిన రోజులు కూడా ఉన్నాయి.

"ఇదేం అన్యాయమే, కూసింత దయ చూపించు" అనేది పిండి చేతులతో నా బుగ్గ గిల్లుతూ.

మొదటి వారం నాలుగు, అయిదు. మూడో వారానికి ఎనిమిది. ఒకరోజు తొమ్మిది వచ్చింది. ఆ రోజు జాడీ మూత రెండుసార్లు తీశాం.

*

తరవాత మార్కులు తగ్గడం మొదలైంది. ఏడు. అయిదు. నాలుగు. రెండు రోజులు వరసగా మూడు. క్యాలెండర్లో ఆ నెల గడులు చూస్తే మెట్లు దిగుతున్నట్టే ఉండేది.

పిన్ని ముందు నవ్వింది. తరవాత ఇంకా తొందరగా లేచి చదివింది. ఆ తరవాత మాట్లాడ్డం తగ్గించింది. పేపరు గట్టిగా చదవడం మానేసింది. ఒకరోజు నేను దిద్దుతుంటే పక్కన కూర్చుని, ఒక వాక్యం మీద వేలు పెట్టింది.

"ఇది కూడా తప్పేనా?"

"ఒకటే ఉంది పిన్నీ. రెండోది లేదు."

"నాకు మాత్రం బాగానే ఉన్నట్టు అనిపించిందే" అని మెల్లిగా చెయ్యి తీసేసింది.

ఆ వారమే ఒక సాయంత్రం, లైబ్రరీ నుంచి వస్తూ దారిలో చెప్పింది. "చదివేకొద్దీ వెనక్కి పోతున్నానంటే, ఇంక నా బుర్రలోకి ఎక్కదన్న మాట. ఆదివారం ఫోన్ చేసినప్పుడు నాన్నకి చెప్పేస్తాను. వచ్చేస్తామని."

"పరీక్ష రాయవా?"

"రాసి ఏం చేస్తాను? మళ్లీ ఇరవై ఒక్క గంటలు ఎవడూ చూడని రాతలు రాయనా?"

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

మర్నాడు పొద్దున్న నీళ్లకి కిందికి దిగినప్పుడు, పిన్నికి కొత్త వాక్యాలు రాసి ఉంచుదామని నోట్సు పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లాను. కింద వరండాలో ఆంటీ మామగారు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. అందరూ ఆయన్ని బావూజీ అనేవాళ్లు. ఏదో సర్కారీ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారని తెలుసు గానీ, ఆయన ఎప్పుడూ రేడియో దగ్గరే ఉండేవారు కాబట్టి నేను పలకరించింది లేదు. బకెట్టు మార్చడానికి పుస్తకం ఆయన బల్ల మీద పెట్టాను. తిరిగి చూసేసరికి కళ్లజోడు పెట్టుకుని అది చదువుతున్నారు.

"కిస్‌నే చెక్ కియా?" అన్నారు. ఎవరు దిద్దారు అని.

"మైనే" అన్నాను, కొంచెం గర్వంగానే.

ఆయన వేలు ఒక వాక్యం మీద ఆగింది. అతను ఎప్పుడూ వేళకి వస్తాడు అన్నదానికి పిన్ని రాసిన జవాబు. హీ ఈజ్ నెవర్ లేట్. దాని పక్కన నా ఎర్ర ఇంటూ.

"బేటా, ఇస్‌మే గలత్ క్యా హై? ఛత్తీస్ సాల్ స్కూల్ గయా, మై ఖుద్ నెవర్ లేట్ థా!" అని పెద్దగా నవ్వారు. ముప్ఫై ఆరేళ్లు తను బడికి ఆలస్యంగా వెళ్లలేదట, అందులో తప్పేముందట. తరవాత పేజీ తిప్పారు. ఇంకో పేజీ. నవ్వు ఆగిపోయింది. "ఏ తో సబ్ సహీ హై. లడ్కీ అచ్ఛీ అంగ్రేజీ లిఖ్ రహీ హై."

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అమ్మాయి మంచి ఇంగ్లీషు రాస్తోంది.

వెనక బకెట్టు నిండి పొర్లుతోంది. ఆంటీ అరుస్తోంది. నాకు ఏమీ వినపడలేదు. నెవర్ లేట్. ఎప్పుడూ ఆలస్యంగా రాడు. చదివి ఉంటే పసిపిల్లకైనా తెలిసేది. నేను చదవలేదు, లెక్కపెట్టాను. పిన్నికి ఇంగ్లీషు వస్తున్నకొద్దీ సొంతంగా, తేలిగ్గా, ఒక్క ముక్కతో రాయడం మొదలుపెట్టింది. అలా రాసిన ప్రతిదాన్నీ నేను కొట్టేశాను.

*

చెప్పడానికి నోరు రాలేదు. పిన్ని లైబ్రరీకి వెళ్లాక బ్లేడు తీసుకుని కూర్చున్నాను. నా ఇంటూలు ఒక్కొక్కటీ గీకి, మీద ఒప్పు గుర్తు వేశాను. క్యాలెండర్లో మూడుని ఎనిమిది చేశాను. అది తేలికే. నాలుగుని తొమ్మిది చెయ్యడానికి కాగితం చిరిగినంత పనైంది. రెండు రోజులు పట్టింది. లెక్క తప్పడం ఒక ఎత్తు, తప్పిన లెక్కని దొంగతనంగా దిద్దడం ఒక ఎత్తు. నా బతుకులో ఆ పని మళ్లీ చెయ్యలేదు.

శనివారం సాయంత్రం పిన్ని నోట్సు పుస్తకం తీసి, పేజీని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. గీకిన చోటల్లా వెలుగు కనిపిస్తోంది.

"ఏంటే ఇది? నేను ఊరికి వెళ్లిపోతానంటే జాలేసి మార్కులు కలిపావా?"

"కాదు పిన్నీ."

"మరి?"

"అన్నీ ఒప్పులే. నేనే తప్పు దిద్దాను. నెలన్నర నుంచీ."

బావూజీ అన్నదంతా చెప్పాను. పిన్ని మంచం మీద కూర్చుంది. చాలాసేపు ఆ పేజీలే తిప్పింది. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

"నేను పడుకున్నాక ఏడ్చేదాన్నే" అంది చివరికి. "నీకు వినపడకుండా. మొద్దు బుర్ర అని నా నెత్తి మీద నేనే కొట్టుకునేదాన్ని. నాకు బాగానే అనిపిస్తోందని చెప్పాను కూడా నీకు. చెప్పానా లేదా?"

"చెప్పావు."

"నువ్వు లెక్కల్లో తప్పవు కదా అని నోరు మూసుకున్నాను."

ఆ రాత్రీ, ఆదివారం పగలూ నాతో మాట్లాడలేదు. వంట తనే చేసుకుంది. సాయంత్రం ఎస్టీడీ బూత్‌కి వెళుతుంటే నేను పది అడుగులు వెనక నడిచాను. అద్దాల తలుపు అవతల ఆమె పెదాలు కదలడం కనిపిస్తోంది, మాట వినపడదు. బయట మీటరు మీద ఎర్ర అంకెలు మారుతున్నాయి. మామూలుగా ఆ అంకెలు చూడటం నాకు సరదా. ఆ రోజు చూడలేదు.

తలుపు తీసుకుని వచ్చింది. నా పక్కనుంచే నడిచింది. టీ బండి దగ్గరికి వచ్చాక అంది, "అమ్మ ఇంకో జాడీ పంపిస్తుందట. నవంబరు దాకా సరిపోవద్దూ?"

నేను అక్కడే, అందరి మధ్యా ఏడ్చాను. "ఛ, ఏంటే ఇది, ఇంతమంది ఆఫీసర్ల ముందు" అంది పిన్ని. చుట్టూ చూస్తే అందరూ మాసిన బనియన్ల మీద తువ్వాళ్లు వేసుకుని టీ తాగుతున్న నిరుద్యోగులే. ఇద్దరికీ నవ్వొచ్చింది.

*

ఆ తరవాత రోజూ సాయంత్రం బావూజీ వరండాలోనే. ఆయన దిద్దేవారు, నేను పక్కన కూర్చుని ఎందుకు ఒప్పో ఎందుకు తప్పో చదివేదాన్ని. ఆయనకి దక్షిణ చారు. "ఇమ్లీ వాలా పానీ", చింతపండు నీళ్లు, అనేవారు దాన్ని. గ్లాసుతో తాగి కళ్లు మూసుకునేవారు. బియ్యం నిండుకున్నాయనే మాట పిన్ని చెబితే ఆయన ముచ్చటపడి, ఒకరోజు కోడలితో "చీనీ భర్ గయీ హై" అన్నారట, పంచదార నిండిందని. ఆంటీ డబ్బా తీసి చూసి, పంచదార అయిపోయిందని తిట్టుకుంటూ మాకు చెప్పింది. "తుమ్ మద్రాసీ లోగోం నే బావూజీ కో బిగాడ్ దియా!" మద్రాసీలం మేము ఆయన్ని చెడగొట్టామట. మేమిద్దరం మద్రాసు ముఖమే చూడలేదు. అయినా మాట పడ్డాం.

ఇంగ్లీషు పరీక్ష రోజున ధౌలా కువాన్ దాటి ఎక్కడో సెంటరు. రెండు బస్సులు మారాం. గేటు బయట చెట్టు కింద, పెరుగన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని మూడు గంటలూ కూర్చున్నాను. పిన్ని బయటికి వచ్చేసరికి మొహం ఎర్రగా ఉంది. నేను డబ్బా పట్టుకుని ఎదురెళ్లాను.

"వ్యాకరణం?"

"అంతా చేశాను. అది కాదే. పేపరు అయిపోయి కూర్చుంటే, గదిలో కాపలా ఉన్న మేడమ్ వచ్చి, నీకు ఇంకో కాగితం అక్కర్లేదు కదా అని అడిగింది ఇంగ్లీషులో. అవును, అక్కర్లేదు అనబోయి, ఎస్ మేడమ్ అన్నాను."

"ఇచ్చేసిందా?"

"ఇచ్చేసింది. మళ్లీ వద్దంటే ఏమనుకుంటుందోనని తీసుకున్నాను. నాలుగు నెలలు ఆ నోలే చదివానే, నోటి దాకా వచ్చేసరికి ఎస్ అన్నాను! తెల్ల కాగితం దారం కట్టి ఇచ్చి వచ్చాను."

గేటు దగ్గర గార్డు మమ్మల్ని కోప్పడేదాకా నవ్వాం.

*

తరవాతి వేసవికి అంతా తేలిపోయింది. ఇంటర్వ్యూకి పిలిచినవాళ్ల జాబితాలో పిన్ని నంబరు లేదు. ఆ రోజు ఆమె జాబితా రెండుసార్లు చూసి, నా భుజం పట్టుకుని ఇంటికి నడిచి వచ్చింది. మళ్లీ ఇంగ్లీషే పోయిందని ఇద్దరం అనుకున్నాం. ఇద్దరం ఆ మాట అనలేదు. మార్కుల ఉత్తరం వచ్చేదాకా గది ఖాళీ చెయ్యనంది. ఎందుకని నేను అడగలేదు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. పడగొట్టి ఆరంతస్తులు లేపారు, కింద అంతా కోచింగ్ బోర్డులు. బావూజీ పోయారు. ఎస్టీడీ బూత్‌లు పోయాయి. పిన్ని మా వైపు ఒక బళ్లో తెలుగు చెబుతోంది. నేనేమో పిన్నిని దించడానికి వెళ్లి, మళ్లీ ఒక్కదాన్నే ఇటు వచ్చాను, ఇక్కడే స్థిరపడ్డాను. ఫోన్లో వారానికోసారి మాట్లాడుకుంటాం గానీ, ఇద్దరం ఒకే గదిలో ఒక నెల ఉన్నది మళ్లీ లేదు. ఇన్నేళ్లలో ఎన్నో ఇళ్లు మారాను. పొద్దున్నే మెట్ల మీద కూర్చుని ఎవరో తప్పులతో పేపరు చదువుతుంటే నీళ్లు పట్టుకునే ఇల్లు ఇంకోటి దొరకలేదు.

ఆ మార్కుల ఉత్తరం ఒక మధ్యాహ్నం వచ్చింది. పిన్ని విప్పింది. ఏడు పేపర్లకీ ఏడు మార్కులు. ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

నేను కాగితం లాక్కుని అంకెలు కూడాను. పైనుంచి కిందికి, కింది నుంచి పైకి, తరవాత రెండేసి చొప్పున. మూడుసార్లూ ఒకటే వచ్చింది. తక్కువ అని తెలుసు. ఎంత తక్కువో ఆ కాగితం చెప్పలేదు. నా కూడిక తప్పైతే బాగుండునని జీవితంలో మొదటిసారి అనుకున్నాను.

పిన్ని నా చేతిలోంచి కాగితం మెల్లిగా తీసుకుంది. ఒక్కో అంకె మీదా వేలు పెట్టింది.

"ఇది వ్యాసం. పరవాలేదు. ఇది సాహిత్యం మొదటి పేపరు, చూడు ఎంత వేశాడో. కావ్యాల మీద రాసింది వాడికి నచ్చినట్టుందే. ఇదిగో, ఇక్కడ తగ్గింది. ఆఖరి ప్రశ్న హడావిడిగా రాశాను. అది కూడా కనిపెట్టాడు." ఆ అంకె మీంచి వేలు తియ్యలేదు. "అంటే ఆఖరిదాకా చదివాడే."

చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగి పరిగెత్తింది. నేను గదిలో, ఖాళీ అయిన నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. కింద రేడియో ఆగింది. ఆ తరవాత పిన్ని గొంతు, అదే మాట మా వైపు యాసలో హిందీలో, మూడంతస్తులూ ఎక్కి వచ్చింది.

"బావూజీ, పఢా ఉన్హోంనే! పూరా పఢా!"